వీలునామాలో రాసిన మనుషులు

1743లో అమెరికాలోని వర్జీనియాలో అగస్టిన్ వాషింగ్టన్ అనే భూస్వామి చనిపోయాడు. అప్పటికి ఆయన కొడుకు జార్జికి పదకొండేళ్లు. తండ్రి రాసిన వీలునామా ప్రకారం ఆ పిల్లవాడికి కొంత భూమి వచ్చింది. భూమితో పాటు పదిమంది మనుషులు కూడా వచ్చారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక అమెరికా మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్. స్వాతంత్ర్య యుద్ధం నడిపిన సేనానిగా ఆయన గురించి మనం బడిలో చదువుకున్నాం. పదకొండేళ్లకే పదిమంది మనుషులకు యజమాని అయ్యాడన్న సంగతి ఆ పాఠాల్లో మనకు కనబడదు.

బానిసత్వం అనగానే మనకు ఓడలు, సంకెళ్లు, కొరడాలు, పత్తి చేలు గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ బానిసత్వం ఒక తరం నుంచి ఇంకో తరానికి నడిచింది కొరడా బలంతో మాత్రమే కాదు. ఇంట్లో కూర్చుని, సాక్షులను పిలిపించుకుని, నెమ్మదిగా రాసిన కాగితాల మీద కూడా నడిచింది. వీలునామాను ఎవరూ కోపంతో రాయరు. నా తరువాత నా భార్య ఎలా బతుకుతుంది, కూతురికి ఏమివ్వాలి, చిన్నవాడికి ఏ ఆధారం చూపాలి అని ఆలోచించి రాస్తారు. అమెరికాలో రెండు వందల ఏళ్లకు పైగా ఎంతోమంది తల్లిదండ్రులు ఆ ప్రేమను ఇతరుల పిల్లలను పంచిపెట్టి చూపించారు. ఆ కాగితాలు ఏం చెబుతున్నాయో మన యువత, మన ఉపాధ్యాయులు తెలుసుకోవాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆవు ఎవరిదో దూడ వాళ్లదే

ఇంగ్లీషువాళ్ల వర్జీనియా వలసకు ఆఫ్రికా మనుషులను తెచ్చి అమ్మినట్టు మొదటిసారి రాసి ఉన్నది 1619లో. ఆ మొదటి కాలంలో వాళ్ల స్థితి ఏమిటో చట్టంలో స్పష్టంగా లేదు. ఆఫ్రికా స్త్రీకి తెల్లవాడి వల్ల బిడ్డ పుడితే ఆ బిడ్డ స్వతంత్రుడా, బానిసా? ఇంగ్లండు ఆచారం ప్రకారం బిడ్డకు తండ్రి వంశం, తండ్రి స్థితి రావాలి. 1662లో వర్జీనియా శాసనసభ ఆ ఆచారాన్ని తిరగేసింది. బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే ఉంటుందని చట్టం చేసింది. ఆవు ఎవరిదో దూడ వాళ్లదే అన్న పశువుల లెక్కను మనుషులకు పెట్టింది. దీనితో యజమానికి తన వల్ల పుట్టిన బిడ్డను కూడా తన ఆస్తిలో రాసుకునే వీలు కలిగింది.

1705లో ఇంకో చట్టం వచ్చింది. వారసత్వం విషయంలో బానిసలను స్థిరాస్తిగా, అంటే పొలంతో సమానంగా చూడాలని దాని సారం. ఆ చట్టం నీగ్రో బానిసలను, మిశ్రమ సంతానాన్ని మాత్రమే కాదు, ఇండియన్ బానిసలను కూడా పేరు పెట్టి చెప్పింది. ఇక్కడ ఇండియన్ అంటే మన దేశంవాళ్లు కాదు, అమెరికా నేల మీద మొదటి నుంచీ ఉన్న మూలవాసులు. వాళ్ల అడవులను, నదీతీరాలను తీసుకున్నవాళ్లే వాళ్ల మనుషులను కూడా వారసత్వ ఆస్తిలో చేర్చుకున్నారు. ఆదివాసులమైన మనం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

చాలా కుటుంబాల్లో పంపకాలు ఒక పద్ధతిలో జరిగేవి. భూమి ఎక్కువగా కొడుకులకు, బానిసలు ఎక్కువగా కూతుళ్లకు. పొలం కదలదు. పెళ్లయిన కూతురు అత్తగారింటికి వెళ్లేటప్పుడు మనుషులను వెంట తీసుకుపోవచ్చు. తెలుగులో అరణం అనే మాట ఉంది. కాపురానికి వెళ్లే కూతురికి పుట్టింటివాళ్లు పశువులో వస్తువులో ఇచ్చి పంపడం అది. రాజుల కథల్లో అరణపు దాసీలు కూడా కనబడతారు. అమెరికా వీలునామాల్లో పన్నెండేళ్ల నల్ల పిల్ల ఇంకో పన్నెండేళ్ల తెల్ల పిల్లకు అరణంగా వెళ్లేది.

స్త్రీని రాసినప్పుడు ఆమె పేరు పక్కన ఇంకో మాట చేర్చేవారు. ఆమెకు ఇకపై పుట్టబోయే సంతానం కూడా అని. ఒక స్త్రీని ఒక కూతురికి, ఆమెకు పుట్టబోయే మొదటి బిడ్డను ఇంకో కూతురికి రాసిన వీలునామాలు కూడా ఉన్నాయి. ఆ బిడ్డ ఇంకా కడుపులో పడలేదు. అయినా యజమాని ఎవరో అప్పటికే తేలిపోయింది.

యజమాని చస్తే ఏమయ్యేది

యజమాని చనిపోతే ఆ ఇంటి బానిసలు ఏడ్చేవారని తెల్లవాళ్ల జ్ఞాపకాల్లో చదువుతాం. ఏడ్చి ఉండవచ్చు. ఆ ఏడుపుకు కారణం వేరే ఉండేది. ఒక చావుతో ఎన్ని కుటుంబాలు చెదిరిపోతాయో వాళ్లకు తెలుసు.

ముందు విలువ కట్టేవాళ్లు వచ్చేవారు. ఇంట్లో ఉన్నవన్నీ జాబితా రాసేవారు. మంచాలు, కుండలు, నాగళ్లు, గుర్రాలు, ఆవులు, మనుషులు. ప్రతి పేరు ఎదుట ఒక ధర. బలమైన యువకుడికి పెద్ద ధర, ముసలమ్మకు సున్నా. తరువాత అప్పులవాళ్లు వచ్చేవారు. అప్పులు తీరాకే వారసులకు వాటాలు. అప్పు ఎక్కువైతే మొదట వేలానికి వెళ్లేది మనుషులే, ఎందుకంటే వాళ్లకు వెంటనే డబ్బు వస్తుంది. వారసులు చిన్నపిల్లలైతే బానిసలను ఏడాది లెక్కన కిరాయికి ఇచ్చి, ఆ డబ్బుతో ఆ పిల్లలను పెంచేవారు.

ఈ పంపకాన్ని లోపల నుంచి చూసి రాసినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్‌లో 1818లో బానిసగా పుట్టాడు. 1826లో అతని యజమాని ఆరన్ ఆంథొనీ వీలునామా రాయకుండా చనిపోయాడు. బాల్టిమోర్ పట్టణంలో ఉన్న ఆ పిల్లవాడిని పంపకం కోసం వెనక్కి పిలిపించారు. అప్పటికి అతనికి దాదాపు తొమ్మిదేళ్లు. గుర్రాలు, గొర్రెలు, పందులతో పాటు మనుషులను వరుసలో నిలబెట్టి విలువ కట్టిన తీరును 1845లో వచ్చిన తన జీవిత కథలో రాశాడు. తాము ఎవరి వాటాకు పోతామో చెప్పే హక్కు అక్కడున్న ఏ ఒక్కరికీ లేదు. ఆంథొనీ కొడుకుల్లో ఒకడు తాగుబోతు, క్రూరుడు. అతని వాటాలో పడతామేమోనని అందరూ వణికిపోయారు. డగ్లస్ కూతురి వాటాకు వచ్చి మళ్లీ బాల్టిమోర్ చేరాడు. అక్కడే అతనికి చదువు అందింది, అక్కడి నుంచే 1838లో తప్పించుకున్నాడు. జీవితమంతా ఆ కుటుంబానికి చాకిరీ చేసిన తన అమ్మమ్మకు మాత్రం ముసలితనంలో కూడా స్వేచ్ఛ రాలేదని బాధతో రాశాడు.

నోటి మాట, రాసిన మాట

ఉత్తర కరొలైనాలోని ఈడెంటన్ ఊరిలో హారియట్ జేకబ్స్ అనే అమ్మాయి ఉండేది. ఆమె యజమానురాలు మార్గరెట్ హార్నిబ్లో ఆమెకు చదవడం, కుట్టుపని నేర్పింది. పిల్ల తల్లి చనిపోతున్నప్పుడు బిడ్డకు ఏ కష్టమూ రానివ్వనని మాట ఇచ్చింది. 1825లో ఆమె కూడా చనిపోయింది. తనను విడుదల చేసి ఉంటుందని హారియట్, ఆమె బంధువులు ఆశపడ్డారు. కాగితం తీసి చదివితే, దాదాపు పన్నెండేళ్ల హారియట్‌ను యజమానురాలి అక్క కూతురికి ఇచ్చినట్టు ఉంది. ఆ కొత్త యజమానురాలి వయసు మూడేళ్లు. పెత్తనమంతా ఆ పిల్ల తండ్రి అయిన డాక్టరుది. అతని వేధింపులు పడలేక హారియట్ పారిపోయింది. తన అమ్మమ్మ ఇంటి కప్పు కింద, నిలబడడానికి కూడా ఎత్తు లేని ఇరుకు చోటులో, దాదాపు ఏడేళ్లు దాక్కుంది. తన కథను 1861లో పుస్తకంగా అచ్చువేసింది. ఆమె పేరు పెట్టిన ఆ అనుబంధం మీద చనిపోయిన మనిషి సంతకం లేదని, సాక్షి ఆ డాక్టరేనని తరువాతి పరిశోధకులు కనిపెట్టారు.

ఆ పుస్తకంలో ఆమె అమ్మమ్మ గురించి ఒక సంగతి ఉంది. ఆ అమ్మమ్మ రాత్రులు బిస్కెట్లు కాల్చి అమ్మి, పిల్లలను విడిపించుకోవడానికి మూడు వందల డాలర్లు కూడబెట్టింది. ఆ డబ్బును తన యజమానురాలే అప్పుగా తీసుకుంది. ఆమె చనిపోయాక అమ్మమ్మ అప్పు తీర్చమని అడిగింది. ఆస్తి చాలలేదు, పైగా బానిసకు బాకీ కట్టడం చట్టానికి ఒప్పదు అని జవాబు వచ్చింది. ఆ డబ్బుతో కొన్న వెండి దీపస్తంభం మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అది వాళ్ల తరతరాలకు వారసత్వంగా పోతుందని హారియట్ చురక వేసింది.

వారసత్వం అంటే ఏమిటో ఈ దీపస్తంభం చెబుతుంది. ఒక ఇంటికి తరతరాల వెండి. ఇంకో ఇంటికి తరతరాల చాకిరీ. రెండూ ఒకే డబ్బు నుంచి వచ్చాయి.

విడుదల రాసినా విడిపోని ముడి

కొందరు యజమానులు చివరి కాగితంలో విడుదల కూడా రాశారు. అందులో పేరున్నది వాషింగ్టన్ వీలునామా. చనిపోయే ఏడాది, 1799 జూలైలో ఆయన దాన్ని రాశాడు. ఆ ఏడు ఆయన మౌంట్ వెర్నన్ తోటల్లో 317 మంది బానిసలు ఉన్నారు. వాళ్లలో ఆయన సొంతం 123 మంది. భార్య మార్తా చనిపోయాక వాళ్లకు విడుదల అని రాశాడు. విలియం లీ అనే ఒక్కరికి మాత్రం వెంటనే విడుదల, ఏటా ముప్పై డాలర్ల భృతి. ముసలివాళ్లకు తిండి, బట్ట చూడాలని, తల్లిదండ్రులు లేని పిల్లలకు చదువు నేర్పాలని కూడా రాశాడు.

మిగతావాళ్లలో 153 మంది సంగతి వేరు. మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ 1757లో వీలునామా లేకుండా చనిపోయాడు. అప్పటి చట్టం ప్రకారం అతని ఆస్తిలో మూడో వంతు మీద ఆమెకు బతికినంత కాలం అనుభవించే హక్కు వచ్చింది. అందులో మనుషులూ ఉన్నారు. ఆమె తరువాత అది కస్టిస్ వారసులకే పోవాలి. దాన్ని విడుదల చేసే హక్కు వాషింగ్టన్‌కూ లేదు, మార్తాకూ లేదు. నలభై ఏళ్లలో ఈ రెండు గుంపుల మనుషులు ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు, పిల్లలను కన్నారు. మార్తా భర్త వంతు బానిసలను 1801 జనవరి 1న విడుదల చేసింది. 1802లో ఆమె చనిపోయాక కస్టిస్ వంతు మనుషులను నలుగురు మనవలకు పంచారు. భర్త స్వతంత్రుడు, భార్య ఇంకొకరి వాటా. తల్లి ఎటు పోతే పిల్లలు అటు.

ఈ కస్టిస్ వంతులోని ఓనా జడ్జ్ అనే యువతి పంపకం కోసం ఆగలేదు. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసి 1796లో ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడి ఇంటి నుంచి తప్పించుకుంది. న్యూ హాంప్‌షైర్ చేరి, ఒక స్వతంత్ర నల్ల నావికుడిని పెళ్లాడింది. వాషింగ్టన్ మనుషులను పంపినా తిరిగి రాలేదు. 1848లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో ఆమె కస్టిస్ ఆస్తే. 1662 నాటి సూత్రం ప్రకారం ఆమె పిల్లలు కూడా.

థామస్ జెఫర్సన్ సంగతి ఇంకా కఠినం. మనుషులందరూ సమానమని స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఆయన 1826 జూలై 4న చనిపోయాడు. వీలునామాలో ఐదుగురు మగవాళ్లకు విడుదల రాశాడు. అప్పులు లక్ష డాలర్లు దాటాయి. 1827 జనవరిలో ఆయన మాంటిసెల్లో ఇంటి దగ్గర 130 మందిని వేలానికి పెట్టారు. విడుదల పొందినవాళ్లలో జో ఫాసెట్ అనే కమ్మరి ఉన్నాడు. అతని భార్య ఈడిత్, పిల్లలు వేలం జాబితాలో ఉన్నారు. జో కొలిమి పని చేసి డబ్బు కూడబెట్టి, కొందరి సాయంతో భార్యనూ కొందరు పిల్లలనూ కొని విడిపించుకున్నాడు. పదకొండేళ్లకు అమ్ముడైన కొడుకు పీటర్‌కు 1850లో గానీ స్వేచ్ఛ రాలేదు. తరువాత అతను ఒహాయో రాష్ట్రంలో పాస్టరుగా పేరు తెచ్చుకున్నాడు.

విడుదలైనవాళ్లకు నిలువ నీడ కూడా కష్టమే. 1806 వర్జీనియా చట్టం ప్రకారం కొత్తగా విడుదలైనవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం విడిచి పోవాలి. పోకపోతే మళ్లీ అమ్మేయవచ్చు. రోనోక్ భూస్వామి జాన్ రాండాల్ఫ్ 1833లో చనిపోయాడు. ఒక వీలునామాలో తన బానిసలందరికీ విడుదల రాశాడు, చివరిదాంట్లో అమ్మమన్నాడు. ఏది చెల్లుతుందో తేలడానికి ఏళ్ల తరబడి కోర్టులో వ్యాజ్యం నడిచింది. విడుదల గెలిచి, 1846లో సుమారు 380 మంది ఒహాయోకు నడిచారు. వాళ్ల కోసం అక్కడ భూమి కొని పెట్టారు. ఆ ఊళ్ల తెల్లవాళ్లు ఆయుధాలతో అడ్డం నిలబడి వాళ్లను ఆ భూమిలో అడుగు పెట్టనివ్వలేదు. పత్రం చేతిలో ఉండి భూమి చేతికి రాకపోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మూలవాసుల వైపు నుంచి

1705 చట్టంలో మూలవాసుల పేరు ఉందని చెప్పుకున్నాం. వందేళ్ల తరువాత అదే రాష్ట్రంలో జాకీ రైట్ అనే స్త్రీ, ఆమె పిల్లలు కోర్టుకెక్కారు. తాము బటర్‌వుడ్ నాన్ అనే మూలవాసి స్త్రీ సంతతి అనీ, మూలవాసులను బానిసలుగా ఉంచడం చెల్లదనీ, తల్లి స్థితే బిడ్డకు వస్తుందని మీ చట్టమే చెబుతోంది కాబట్టి తామూ స్వతంత్రులమేననీ వాదించారు. 1806లో గెలిచారు. గొలుసు బిగించిన సూత్రాన్నే పట్టుకుని గొలుసు విప్పుకున్నారు. వాళ్లను కాపాడింది ముందుతరం ఆడమనిషి పేరు గుర్తుండడం.

కానీ ఆ తీర్పుకు ఇంకో వైపు ఉంది. కింది కోర్టు జడ్జి జార్జి విత్ మనుషులందరూ పుట్టుకతో స్వతంత్రులన్న ఆధారం మీద విడుదల చేశాడు. పై కోర్టు విడుదలను ఒప్పుకుంది, ఆ ఆధారాన్ని ఒప్పుకోలేదు. చూడడానికి మూలవాసిలా, తెల్లవాడిలా ఉంటే స్వతంత్రుడని అనుకోవాలి, ఆఫ్రికా రూపం ఉంటే బానిస అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బరువు అతనిదే అంది. ఒకరికి తలుపు తీస్తూ ఇంకొకరికి గడియ పెట్టింది.

మూలవాసులందరూ బాధితుల వైపే ఉన్నారని చెబితే అది చరిత్ర కాదు. చెరోకీ ప్రజలకు తల్లి వంశమే వంశం. బిడ్డలు తల్లి గోత్రానికి చెందేవారు, ఇల్లు, పొలం ఆడవాళ్ల చేతిలో ఉండేవి. తెల్లవాళ్ల వ్యాపారంతో పాటు సొంత ఆస్తి, బానిసలు, వీలునామా కూడా వాళ్లలోకి వచ్చాయి. 1808లో చెరోకీ పెద్దల సభ తండ్రి ఆస్తి పిల్లలకు, భార్యకు వచ్చేలా చట్టం రాసింది. మరుసటి ఏడు జేమ్స్ వాన్ అనే ధనిక చెరోకీ నాయకుడు హత్యకు గురయ్యాడు. అతనికి వంద మందికి పైగా నల్ల బానిసలు ఉన్నారు. వీలునామాలో దాదాపు అంతా ఒక్క కొడుకు జోసెఫ్‌కే రాశాడు. సభ కలగజేసుకుని భార్యకు, మిగతా పిల్లలకు కూడా వాటా ఇప్పించింది. ఆ న్యాయం ఇంటివాళ్ల వరకే. వాటాల్లో ఉన్న మనుషుల గురించి సభ అడగలేదు. 1830లలో చెరోకీలను సొంత నేల నుంచి పడమటికి తరిమినప్పుడు వాళ్ల బానిసలు కూడా ఆ కన్నీటి దారిలో నడిచారు. 1866 ఒప్పందంతో ఆ నల్లవాళ్లకు చెరోకీ పౌరసత్వం దక్కింది. ఆ హక్కు నిజమేనని వాళ్ల సంతతి 2017లో కూడా కోర్టులో గెలుచుకోవలసి వచ్చింది. అణచివేతకు గురైనవాళ్లం కాబట్టి మనం ఎవరినీ అణచలేదనుకోవడం ఎంత ప్రమాదమో ఈ కథ చెబుతుంది.

మిగిలిన వారసత్వం

1865 డిసెంబరులో పదమూడో సవరణతో అమెరికాలో బానిసత్వం చట్టం నుంచి పోయింది. దాదాపు 40 లక్షల మంది స్వతంత్రులయ్యారు. వాళ్లలో అత్యధికుల చేతిలో సెంటు భూమి లేదు. ఆ ఏడు జనవరిలో సైన్యాధికారి షెర్మన్ సముద్రతీర భూములను కుటుంబానికి నలభై ఎకరాల వరకు ఇవ్వమని ఆదేశించాడు. ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకు తిప్పి ఇచ్చేశాడు. తరాల చాకిరీతో పెరిగిన ఆస్తి తెల్లవాళ్ల వీలునామాల్లో సాగిపోతూనే ఉంది. 1873లో జోతిబా ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వం తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అక్కడి గెలుపు ఇక్కడ ఆశ అయింది. ఆ గెలుపులో భూమి లేదన్న సంగతి కూడా మనం కలిపి చదువుకోవాలి.

మన దగ్గరి వెట్టి, అప్పు చాకిరీ దీనితో సమానం అని మేము అనడం లేదు. ఇక్కడ మనిషిని పట్టుకున్నది అప్పు, అక్కడ పట్టుకున్నది పుట్టుక. కానీ తాత చేసిన అప్పుకు మనవడు పాలేరుగా పనిచేసిన ఇళ్లు మన గూడేల్లో ఉన్నాయి. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చేదాకా అది కూడా ఒక వారసత్వమే.

చివరిగా ఒక్క సంగతి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. 1870లో గానీ ఆ లెక్కల్లో వాళ్లందరి పేర్లు రాలేదు. అందుకే ఈనాడు తమ పూర్వీకులను వెతుక్కునే నల్లజాతి అమెరికన్లు యజమానుల వీలునామాలనూ ఆస్తి జాబితాలనూ తెరుస్తున్నారు. మంచానికీ గుర్రానికీ మధ్య, ఒక ధర పక్కన, తమ ముత్తవ్వ పేరు దొరుకుతుంది. ఆమెను ఆస్తిగా లెక్కపెట్టిన కాగితమే ఆమె బతికిందనడానికి మిగిలిన సాక్ష్యం.

మన పెద్దల పేర్లు కూడా సర్వే రికార్డుల్లో, ఫారెస్టు కేసుల్లో, షావుకారు చిట్టాల్లో ఇతరులు రాసినట్టే ఉన్నాయి. వాటిని వెతకాలి. అంతకంటే ముందు మన ఇళ్లలో ముసలివాళ్లకు గుర్తున్నది మన చేతులతో రాసుకోవాలి. ఉపాధ్యాయ మిత్రులు ఈ పాఠం చెప్పిన రోజు పిల్లలకు ఒక పని ఇవ్వవచ్చు. నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల అమ్మల పేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ చెలక ఎవరు కొట్టుకున్నదో అడిగి రాసుకు రమ్మనండి. తాతల పేర్లు తెలిసినంతగా అవ్వల పేర్లు తెలియవని పిల్లలు చెబుతారు. అక్కడి నుంచే మొదలు పెట్టండి. బటర్‌వుడ్ నాన్ పేరు గుర్తుండబట్టే ఆమె సంతతి బయటపడింది.